హెచ్-ఇండెక్స్ 38 గొప్పా, 11 గొప్పా? టెక్స్‌టైల్ పరిశోధనలో అంకెల లెక్క

‘ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మా ప్రొఫెసర్’ అంటూ ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కాలేజీల నుంచి ప్రెస్‌నోట్లు వస్తుంటాయి. ఫొటో పెట్టి వేసేస్తాం. ఈసారి అలాంటి వార్త చదివి ఒక తండ్రి ఫోన్ చేశారు. ‘భాయ్, మా బేటీ టెక్స్‌టైల్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇద్దరు గైడ్లు ఉన్నారు. ఒకాయన హెచ్-ఇండెక్స్ 38, ఇంకొకాయనది 11. పెద్ద నంబరు ఉన్నాయన దగ్గరే చేర్పించాలి కదా?’ అలా తేల్చేయలేం అని చెప్పడానికి నాకు అరగంట పట్టింది.

ఈ లెక్కను 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించారు. ఒకరు రాసిన పేపర్లలో 11 పేపర్లను ఒక్కోదాన్నీ కనీసం 11 సార్లు వేరే పేపర్లు ప్రస్తావిస్తే ఇండెక్స్ 11. ఒకే పేపరుకు 500 ప్రస్తావనలు వచ్చి, మిగతావాటికి ఒక్కటీ రాకపోతే ఇండెక్స్ 1! బీకామ్ చదివిన నాకు ఇది టర్నోవర్ లాగే కనిపిస్తుంది. వ్యాపారం ఎంత జరిగిందో తెలుస్తుంది, లాభం ఎవరికి వచ్చిందో తెలియదు. పైగా ఒకే మనిషికి గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్‌లో ఇంకో అంకె. థీసిస్‌ల లాంటివి కూడా కలుపుతుంది కాబట్టి సాధారణంగా గూగుల్‌దే ఎక్కువ. ప్రెస్‌నోట్‌లో ఏది వేస్తారో వేరే చెప్పాలా?

టెక్స్‌టైల్ లోపల తేడా ఇంకా పెద్దది. నానోఫైబర్ల మీద రాసిన పేపర్లను బ్యాటరీల వాళ్లు, నీటి ఫిల్టర్ల వాళ్లు, వైద్య పరిశోధకులు కూడా ప్రస్తావిస్తారు. దారం ఎందుకు తెగుతోంది, మగ్గాన్ని ఎలా బాగుచేయాలి అన్న పరిశోధనను ప్రస్తావించేవాళ్లు కొద్దిమందే. కోయంబత్తూరులో 1956లో మొదలైన సిట్రా సంస్థ స్పిన్నింగ్ మిల్లుల కోసం ప్రమాణాలు తయారుచేస్తుంది. మిల్లులు తమ పనిని వాటితో పోల్చుకుంటాయి, ఖర్చు తగ్గించుకుంటాయి. కానీ మిల్లు మేనేజరు పేపర్ రాయడు కదా, ప్రస్తావన ఎక్కడి నుంచి వస్తుంది? మన ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం సంగతీ అంతే. అమ్మ చేతుల నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ యంత్రం కొన్న నేత కుటుంబాలు ఏ జర్నల్‌లో రాస్తాయి?

ఇక టాప్ 2 శాతం జాబితా. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ అయొనిడిస్ బృందం స్కోపస్ డేటాతో తయారుచేసేది ఒకటి కాదు, రెండు: జీవితకాలపు పని మీద ఒకటి, ఒక్క ఏడాది ప్రస్తావనల మీద ఒకటి. తన పేపర్లను తానే ప్రస్తావించుకున్నవి తీసేస్తే ర్యాంకు ఎంతో కూడా అందులో ఉంటుంది. ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసి చూడొచ్చు. ఏ జాబితానో అడగకుండా నేనూ వార్తలు రాశాను, తప్పు నాదే.

ఆ తండ్రికి చెప్పింది ఇదే: గత ఐదేళ్ల పేపర్లు తీయండి, వాటిలో విద్యార్థి పేరు మొదట ఉన్నవి ఎన్నో చూడండి, ఆ విద్యార్థులు ఇప్పుడు ఏం చేస్తున్నారో కనుక్కోండి. అమ్మాయికి ఇష్టమైనది చేనేత రంగులట. 38 ఉన్నాయన పనంతా నానోఫైబర్ల మీదే.

నిన్న మళ్లీ ఫోన్ చేశారు. 11 ఉన్నాయన దగ్గర చదివిన ఇద్దరితో బేటీ మాట్లాడిందట. ఇంకొకాయన విద్యార్థుల నంబర్ల కోసం వెతుకుతున్నారు.