ఓబులేసులందరిదీ రోహిణేనా?

ఆళ్ళగడ్డ చుట్టుపక్కల జాతకాలున్న ఇళ్ళు జాతకాలు కలుపుకుంటాయి. పుట్టిన వేళ రాసి పెట్టుకోని ఇళ్ళే ఎక్కువ కాబట్టి, వాళ్ళకోసం పంచాంగంలో ఇంకో దారి ఉంది. "సామీ, పేరుబలం చూడు. మావోనికి ఆ పాప కుదురుతాదో లేదో" అంటారు. పంతులుగారు వేళ్ళు లెక్కపెట్టి, పేర్లలో మొదటి అక్షరాలు చూసి చెప్పేస్తారు. ఆ రెండక్షరాలకు పడకపోతే సంబంధం అక్కడే ఆగిపోతుంది. పిల్లాడు తాగుబోతా, పిల్ల చదువు ఎంతవరకు అన్నది ఆ తర్వాతి మాట.

లెక్క ఎలా సాగుతుందో చూద్దాం. నక్షత్రాలు 27, ఒక్కోదానికి నాలుగు పాదాలు, పాదానికి ఒక అక్షరం, మొత్తం 108. చంద్రుడు ఒక పాదం దాటడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. బిడ్డ పుట్టిన ఆ ఆరు గంటల్లో ఏ పాదం నడుస్తుంటే ఆ అక్షరంతో పేరు పెట్టాలన్నది శాస్త్రం చెప్పుకునే వరుస. పేరుబలం దీన్ని తిరగేస్తుంది. పేరు ముందు పెట్టుకుంటాం, ఆ పేరును బట్టి చంద్రుణ్ణి తీసుకెళ్ళి ఆ పాదంలో నిలబెడతాం.

అహోబిలం ఈ మండలంలోదే. బిడ్డ పుడితే అక్కడి నరసింహస్వామి పేరు పెట్టుకుంటామని మొక్కుకున్న ఇళ్ళకు లెక్కలేదు. అందుకే ఏ ఊరికి పోయినా ఓబులేసు, ఓబుల్‌రెడ్డి, ఓబులమ్మ తగులుతారు. 'ఓ' రోహిణి మొదటి పాదం. అంటే ఓబులేసులందరూ రోహిణిలోనే పుట్టారన్నమాట! మహానందికి మొక్కుకున్నవాళ్ళ పిల్లలు, మద్దిలేటి స్వామికి మొక్కుకున్నవాళ్ళ పిల్లలు మూకుమ్మడిగా మఖ. దగ్గర్లో ఏ గుడి ఉందో దాన్నిబట్టి ఆకాశం సర్దుకుంటోంది. విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారి కొడుకు 1930లో పుట్టాడు. అది ఉప్పు సత్యాగ్రహం నడిచిన ఏడాది, అందుకని లవణం అని పేరు పెట్టారు. ఇంకో కొడుకు 1939లో, యుద్ధం మొదలైన ఏడు పుడితే సమరం అన్నారు. పంచాంగం తిప్పితే లవణం గారిది అశ్విని, సమరం గారిది శతభిషం. గాంధీ దండికి నడవడానికీ, హిట్లర్ పోలండు మీద పడడానికీ, చంద్రుడు ఏ పాదంలో ఉన్నాడన్నదానికీ లంకె ఏమిటో పంతులుగారే చెప్పాలి.

పేరుకు బలం ఉందనడానికి పల్లెల్లో చూపే గట్టి సాక్ష్యం ఇంకొకటుంది. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాతి బిడ్డకు పుల్లయ్య అనో పెంటయ్య అనో పెట్టేవారు. ఎంగిలి విస్తళ్ళ మీద పొర్లించేవారు. చావుకు కూడా రోత పుట్టి వదిలేస్తుందని నమ్మకం. "చూడు, నలుగురు పోయినారు, పుల్లయ్య నిలబడినాడు" అంటారు. నిలబడినవాణ్ణే మనం చూస్తున్నాం. పుల్లయ్య అని పేరు పెట్టినా మూడో నెలలో పోయిన బిడ్డల మాట చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. ఇవాళ టీకాలు, ఆసుపత్రి కాన్పులు వచ్చాక నంద్యాలలో పిల్లలకు పెడుతున్న పేర్లు సగం సీరియళ్ళలోవి. పుల్లయ్యలు పుట్టడం ఆగింది, పిల్లలు బతకడం పెరిగింది. ఆ తల్లుల భయాన్ని మాత్రం నేను ఎగతాళి చేయలేను. బిడ్డను కాపాడుకోవడానికి వాళ్ళ చేతిలో పేరు తప్ప మందేమీ లేదు.

భర్త పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందన్నదీ ఈ కోవలోదే. రేషన్ కార్డు రాసే గుమాస్తా అడిగితే పక్కనున్న పిల్లాడి చేత చెప్పించే ఆడవాళ్ళు నిన్నమొన్నటి దాకా ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు. ఇప్పుడు 70 దాకా వచ్చింది. ఈ మధ్యకాలంలో భార్యలు మొగుళ్ళను పేరు పెట్టి పిలవడం బాగా పెరిగింది. పేరు పలకడం వల్లే ఆయుష్షు రెట్టింపయిందని నేను వాదిస్తే ఎవరూ ఒప్పుకోరు. తగ్గుతుందని వాదించేవాళ్ళకు కూడా నా దగ్గరున్నంత సాక్ష్యమే ఉంది.

ఇక వయసు. మా ప్రాంతంలో అరవై దాటినవాళ్ళ సర్టిఫికెట్లు వరసగా పెట్టి చూడండి, జూలై 1న పుట్టినవాళ్ళ గుంపు కనిపిస్తుంది. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు బడికి తీసుకుపోతే, చేయి తల మీదుగా వేసి అవతలి చెవి అందిందా అని చూసేవారు. "ఎప్పుడు పుట్టినాడు?" అంటే "గంజి కేంద్రాలు పెట్టిన కరువప్పుడు చంకలో ఉన్నాడు సార్" అని జవాబు. 1952 నాటి కరువును పట్టుకుని అయివారు ఏదో ఒక సంవత్సరం వేసి, జూలై 1 అని రాసేసేవారు. ఆ మనిషికే బడికి ఒక వయసు, పెళ్ళికి ఇంకో వయసు, పింఛనుకు మూడోది. ఆధార్ కార్డు మీదికెక్కిన ఆ తేదీని కూడి, గుణించి, "మీ అంకె తొమ్మిది, పేరులో ఒక ఎస్సు చేర్చండి" అని చెప్పే న్యూమరాలజీ దుకాణాలు ఇప్పుడొచ్చాయి. తేదీ అయివారి ఊహ. అక్షరాలు ఇంగ్లీషువి. భవిష్యత్తు మాత్రం మనది.

ఇవన్నీ నవ్వుకుని వదిలేయొచ్చు. వదిలేయలేనిది వేరే ఉంది. పెద్దవాళ్ళను గౌరవించడం మన సంస్కృతి అంటాం. ఓబులేసులు ఇద్దరున్నారనుకోండి, ఇద్దరికీ డెబ్బై. ఒకరి పేరుకు రెడ్డి తోక ఉంది, ఆయన నడిచొస్తే అరుగు మీదివాళ్ళు లేచి నిలబడతారు. రెండోవాడు మాదిగవాడలో ఉంటాడు, వాణ్ణి ఇరవై ఏళ్ళ కుర్రాడు "ఏమిరా ఓబులేసూ" అంటాడు. వినేవాళ్ళకు ఎబ్బెట్టుగా కూడా అనిపించదు. గౌరవం వయసుకే అయితే డెబ్బై ఏళ్ళు ఇద్దరికీ డెబ్బయ్యే కదా! పేరు చివర ఏముందో చూసుకుని గానీ మన సంస్కృతి వయసు లెక్కపెట్టదు.

రాజకీయాల్లో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. 1991 ఎన్నికల్లో పి.వి. నరసింహారావు పోటీయే చేయలేదు, పెట్టే బేడా సర్దుకుంటున్న పెద్దాయన అనే అనుకున్నారు. జూన్ 21న ప్రధాని అయ్యారు, వారానికి 70 నిండాయి. ఆ ఏడాదే నంద్యాల ఉప ఎన్నికలో 5 లక్షలు దాటిన మెజారిటీ వచ్చింది. అలసిపోయిన వయసు కొన్ని నెలల్లో పండిన అనుభవమైంది. మనిషి అదే, పుట్టినరోజూ అదే, మారింది కుర్చీ. 2014లో ఆళ్ళగడ్డ అభ్యర్థి శోభా నాగిరెడ్డి పోలింగుకు ముందే రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. బ్యాలెట్ మీద మిగిలిన ఆమె పేరే గెలిచింది. ఉప ఎన్నికలో ముప్పై నిండని ఆమె కూతురు అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఆ కుటుంబం మీద ప్రజలకున్న అభిమానాన్ని, ఆ దుఃఖాన్ని నేను తక్కువ చేయడం లేదు. చెప్పుకునే ఇంటిపేరు లేని ఇరవై ఏడేళ్ళ పిల్ల అదే ఊళ్ళో పంచాయతీ మీటింగులో నోరు తెరిస్తే "పిల్లకాయలకేం తెలుసు, కూచోమ్మా" అని కూర్చోబెట్టే మనమే, ఇక్కడ వయసు మాట ఎత్తలేదని మాత్రం గుర్తు చేస్తున్నాను.

చదువుకున్న ఉద్యోగ ప్రపంచం ఇందుకు మినహాయింపు కాదు. సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ అనే పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు సమానమైన చదువుతో, వేరువేరు పేర్లతో దరఖాస్తులు పంపించారు. ఫలితాలు 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చాయి. పెద్దకులపు పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు అందే అవకాశం మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకైతే మూడో వంతు. ఆ దరఖాస్తులు విప్పినవాళ్ళు పంచాంగం చూసి ఉండరు. సూటూ బూటూ వేసుకున్న పేరుబలం అది.

ఆ కంపెనీలవాళ్ళు నంద్యాల వస్తే తికమక పడతారు. ఇక్కడ దస్తగిరి, కాశీం, హుస్సేనమ్మ, ఫక్కీరప్ప అన్న పేర్లు ముస్లింలకే కాదు, హిందువులకూ ఉన్నాయి. దర్గాకు మొక్కుకుంటే బిడ్డ కలిగాడని పెట్టుకున్నవి, పీర్ల పండగనాడు పీరు ముందు అనుకున్నవి. పేరు చూసి మతం చెప్పబోతే బోల్తా పడాల్సిందే. ఈ నేల మీద నాకు బలే ఇష్టమైన సంగతి ఇది. ఇందులో అందం వెతికి పొంగిపోదామంటే ఇంకో అనుభవం అడ్డొస్తుంది. బస్సులో పక్కన కూర్చున్నాయన పేరడుగుతాడు. దస్తగిరి అని చెబితే ఒక క్షణం ఆగుతాడు. ఏ ఊరు అంటాడు, ఎవరి తాలూకు అంటాడు, అవేవీ తేల్చకపోతే ఇక దాచుకోకుండా అడిగేస్తాడు: "అది కాదప్పా, మీరేమోళ్ళు?" జవాబు వచ్చేదాకా ఆయన నోట 'అన్నా' రాదు, 'ఏమిరా' రాదు. ఏది వాడాలో ఆయనకింకా తెలియదు.