పొదుపు పాఠం ఎవరికి?

మొన్న పాతపేపర్ల అబ్బాయికి వేద్దామని అటకమీంచి కట్టలు దించాను. వేసేముందు ఒక్కొక్కటీ తిరగేయడం నాకలవాటు. ముగ్గులూ, వంటలూ చించి దాచుకోవాలిగా! ఈసారి ఓ కార్టూన్ దగ్గర చెయ్యి ఆగింది. మెడనిండా దండలతో మంత్రిగారు ‘ప్రజలారా, పొదుపు చేయండి’ అంటున్నారు. వెనకాల ఆయనగారి కార్ల వరస. ఎదురుగా చిరుగుల చొక్కాతో ఒకాయన.

నవ్వొచ్చింది. ఆ వెంటనే, ‘మరి ఈయన భార్య ఏదీ?’ అనిపించింది.

పొదుపు చేయమని ప్రభుత్వాలు అడగడం కొత్త కాదు. 1965లో తిండిగింజలకు కటకటగా ఉన్నప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానమన్నారు. ముందు తన ఇంట్లో ఆచరించి చూశాకే దేశాన్ని అడిగారు. జనం మన్నించారు. అడిగేవాళ్ళే పాటిస్తే వెక్కిరించడానికి ఏముంటుంది?

మాటకీ చేతకీ పొంతన లేనప్పుడే కార్టూనిస్టుకి చేతినిండా పని. 2009లో కేంద్ర ప్రభుత్వం పొదుపు పాట అందుకుంది. మంత్రులను విమానాల్లో చౌక తరగతిలో వెళ్ళమంది. అంతలోనే ఇద్దరు మంత్రులు ఐదు నక్షత్రాల హోటళ్ళలో ఉంటున్నారని బయటపడింది. సొంత డబ్బేనని వాళ్ళు సంజాయిషీ ఇచ్చుకున్నారు. వారిలో ఒకరైన శశి థరూర్ ఆ చౌక తరగతిని పశువుల తరగతి అనడంతో మరింత గొడవైంది. ఇలాంటప్పుడు పాలకుల్ని గిల్లే బొమ్మ చూస్తే మన మనసులో మాట ఎవరో అన్నట్టుంటుంది.

కానీ 2013లో ఏమైంది? బంగారం దిగుమతులు పెరిగి విదేశీ మారకం కరిగిపోతోందని, కొనకండని ఆర్థికమంత్రి చిదంబరం ప్రజల్ని కోరారు. దిగుమతి సుంకం ఆ ఏడాదే 10 శాతానికి చేరింది. బంగారం మాట వచ్చిందంటే చాలు, అంతవరకూ కనపడని భార్య కార్టూన్లో ప్రత్యక్షమవుతుంది! నగల కొట్టుముందు మారాం చేస్తూ ఆవిడ, జేబు తడుముకుంటూ ఆయన. ఎన్నేళ్ళుగా చూస్తున్నామో ఈ బొమ్మని.

ఆ గాజులు ఎన్నిసార్లు తాకట్టుకి వెళ్ళి పిల్లల ఫీజులు కట్టొచ్చాయో ఆ బొమ్మలో ఉండదు. గ్యాసు నాలుగు రోజులు ఎక్కువ రావాలని పప్పు ముందే నానబెట్టడం, పెద్దాడి చొక్కా చిన్నాడికి సరిచేయడం, చివరికి మిగిలిన కూరతో సరిపెట్టుకోవడం... పొదుపు అనే పేరు కూడా పెట్టకుండా మనం రోజూ చేసే పనులివి.

ఆర్.కె. లక్ష్మణ్ గారి సామాన్యుడు దశాబ్దాలపాటు నోరు మెదపకుండా దేశాన్ని చూశాడు. మన సామాన్యురాలికీ అలాంటి చోటు కావాలి. రాజకీయ కార్టూన్లు గీసిన బెంగుళూరు మాయా కామత్ లాంటి స్త్రీలు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. గీసే చేతులు మనవి కానప్పుడు, మన ఇంటి లెక్క ఇంకొకరు తప్పుగానే వేస్తారు.

బొమ్మలు వచ్చిన అమ్మాయిలూ, ముగ్గుల పుస్తకంతో ఆగిపోకండి. ఈసారి ఎవరైనా వేదికెక్కి పొదుపు పాఠం చెబితే, ఎదురుగా పోపులడబ్బా పట్టుకున్న ఇల్లాలిని నిలబెట్టి గీయండి. ‘అయ్యా, మీ ఇంటి లెక్క కూడా చెప్పండి’ అని ఆవిడచేత అడిగించండి.