డాక్టరు సీటు రాలేదు కాబట్టి జువాలజీయా?

ప్రతి ఏటా నీట్ ఫలితాలు వచ్చాక ఎన్నో ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: "మెడికల్ సీటు రాలేదు. ఇక డిగ్రీలో జువాలజీయే గతి." ఆ మాట ముందు చుట్టాలు అంటారు, తర్వాత తల్లిదండ్రులు అంటారు, చివరికి పిల్లలే తమ గురించి తాము అలా అనుకోవడం మొదలుపెడతారు. తల వంచుకొని కాలేజీలో చేరిన విద్యార్థి, తల వంచుకొనే డిగ్రీ పూర్తి చేస్తాడు. దీనివల్ల ఆ విద్యార్థికే కాదు, ప్రజల ఆరోగ్యానికి కూడా నష్టమని మా అభిప్రాయం.

మన సికింద్రాబాదులో జరిగిన సంగతే చూడండి. సైనిక వైద్యుడైన రోనాల్డ్ రాస్, మలేరియాకూ దోమకూ ఉన్న సంబంధం కనిపెట్టాలని 1895 నుండి శ్రమించారు. రెండేళ్లపాటు వందల దోమలను కోసి సూక్ష్మదర్శిని కింద చూశారు. ఏమీ దొరకలేదు. కారణం, ఆయన ఎక్కువగా పరీక్షించినవి క్యూలెక్స్, ఏడిస్ జాతి దోమలు. మనుషుల మలేరియాను మోసేవి అవి కావు. చివరికి 1897 ఆగస్టు 20న, హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన వేరొక రకం దోమ కడుపులో ఆ పరాన్నజీవి కనబడింది. ఆ దోమ పేరేమిటో రాస్‌కు తెలియదు. రెక్కల మీద మచ్చలున్న దోమ అని మాత్రమే వర్ణించగలిగారు. మరుసటి ఏడాది ఇటలీలో జియోవన్నీ గ్రాసీ అనే జంతుశాస్త్రవేత్త, మనుషులకు మలేరియాను అంటించేది అనాఫిలిస్ దోమ అని రుజువు చేశారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పట్టుదలకు అది తగినదే. అయితే పక్కనే దోమల జాతులు తెలిసిన మనిషి ఒకరు ఉండి ఉంటే, ఆ రెండేళ్లలో ఎంత శ్రమ తప్పేదో ఆలోచించండి.

ఈ అవసరం నేటికీ తీరలేదు. అన్ని దోమలూ ఒకటి కావు. డెంగీని మోసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. మన కూలర్లు, పూలకుండీలు, పాత టైర్లలో నిలిచిన నీటిలో పెరుగుతుంది. బోదకాలును మోసే క్యూలెక్స్ రాత్రిపూట కుడుతుంది, మురుగునీటిలో పెరుగుతుంది. పట్టణాల్లో మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ బావుల్లో, మేడ మీది నీళ్ల ట్యాంకుల్లో గుడ్లు పెడుతుంది. ఇది తెలియకుండా వీధిలో పొగ కొడితే ఎగిరే దోమలు కొన్ని చస్తాయి గాని, ఇంట్లో నీటిలో ఉన్న పిల్లపురుగులు అలాగే ఉంటాయి. వారానికి ఒకరోజు నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టమని చెప్పడానికి కారణం కూడా జువాలజీయే. గుడ్డు నుండి దోమ కావడానికి సుమారు వారం పది రోజులు పడుతుందని తెలిసింది కాబట్టే ఆ సలహా పుట్టింది. రోగి మంచం దగ్గర డాక్టరు ఎంత అవసరమో, ఆ మంచం నిండకుండా చూడడానికి దోమను ఎరిగిన మనిషి అంత అవసరం.

పాముకాటు విషయమూ ఇంతే. రక్తపింజరికి ఇంగ్లీషులో రస్సెల్ వైపర్ అని పేరు. వైద్యుడూ ప్రకృతి పరిశోధకుడూ అయిన పాట్రిక్ రస్సెల్, విశాఖపట్నంలో ఉండి కోరమండల్ తీరపు పాములను పరిశీలించి 1796లో గ్రంథం ప్రచురించారు. ఏది విషపు పాము, ఏది కాదు అని ఓపికగా తేల్చిన అలాంటి పని మీదనే నేటి చికిత్స నిలబడి ఉంది. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగు పాముల విషానికి పనిచేసేలా తయారవుతుంది.

అయితే చదువు చెప్పే తీరు కూడా మారాలి. కాలేజీల్లో జంతువులను కోసే ప్రయోగాలను దశలవారీగా మానుకోవాలని యూజీసీ 2011లో మార్గదర్శకాలు ఇచ్చింది. అది మంచిదే. కాని వాటికి బదులు బొమ్మలు గీయించి రికార్డులు రాయిస్తే సరిపోదు. విద్యార్థులను చెరువు గట్టుకు, కాలువల దగ్గరకు, కాలనీలకు తీసుకెళ్లాలి. ఏ నీటిలో ఏ పురుగు ఉందో వారే పట్టి, గుర్తించి, లెక్క రాయాలి. ఆ లెక్క ఊరి ఆరోగ్య కార్యకర్తకు అందాలి. అప్పుడు అది పరీక్ష కోసం చదివే చదువుగా మిగలదు.

జువాలజీ చదివితే ఉద్యోగాలు వెంటపడి వస్తాయని మేము చెప్పడం లేదు. చాలామంది బి.ఇడి. చేసి ఉపాధ్యాయులవుతారు; అదీ గౌరవమైన పనే. ఇంకా చదవాలనుకునేవారికి పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీలో ఎమ్మెస్సీ ఉంది. పరాన్నజీవులు, చేపల పెంపకం, వన్యప్రాణుల వంటి రంగాలూ ఉన్నాయి. ఈ దారుల గురించి డిగ్రీ మొదటి ఏడాదిలోనే తెలుసుకోవడం మేలు.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. మీ అబ్బాయో అమ్మాయో జువాలజీలో చేరితే "పోనీలే" అనకండి. ఈ వారం మన ఇంటి ట్యాంకులో, కుండీల్లో ఏముందో చూసి చెప్పమని అడగండి. వాళ్ల చదువుకు మీరిచ్చే మొదటి గౌరవం అదే.