పులి బొమ్మ కంబళ్ కన్నా ఒక నమ్దా మేలు

షాదీ కార్డు ఇంటికొస్తే మొదటి ఫికర్ తోహ్ఫాదే. కోటగిరి అయినా, బాన్సువాడ అయినా జవాబు ఒక్కటే: జిప్పు సంచిలో మడతపెట్టిన పాలిస్టర్ కంబళ్. దాని మీద గులాబీలో, పులి బొమ్మో. దుల్హన్ ఇంటికి అలాంటివి నాలుగైదు చేరతాయి. అందులో రెండు విప్పకుండానే ఇంకో షాదీకి ప్రయాణం కడతాయి. నవ్వకండి, మీ అల్మారీలోనూ ఒకటి ఉంటుంది.

నా రాయ్ ఏమిటంటే, దగ్గరి ఇళ్లవాళ్లు తలా ఒక కంబళ్ కొనే బదులు, అందరూ కలిసి ఉన్నితో ఒకే ఒక్క నమ్దా చేసి ఇవ్వాలి. జానమాజ్ అంత ఉంటే చాలు.

నమ్దా నేసేది కాదు, దానికి మగ్గం అక్కర్లేదు. ఏకిన ఉన్నిని చాప మీద ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా పరుస్తారు. సబ్బు కలిపిన వేడినీళ్లు చల్లి, చాపతో సహా చుట్టి, తాడు కట్టి దొర్లిస్తారు. ఉన్ని వెంట్రుక మీద కంటికి కనబడని పొలుసులుంటాయి. వేడికి, తడికి అవి విచ్చుకుని, రాపిడికి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇక విడిపోవు. అయితే చాలాసేపు దొర్లించాలి, ఒక్కరి రెట్టల వల్ల అయ్యే పని కాదు. కశ్మీర్‌లో, రాజస్థాన్‌లోని టోంక్‌లో ఈ హునర్ మీద బతికే కారీగర్లున్నారు. కిర్గిజ్‌స్తాన్‌లో ఆడవాళ్లు కలిసి చేసే ఉన్ని తివాచీలను 2012లో యునెస్కో, వెంటనే కాపాడుకోవాల్సిన వారసత్వాల జాబితాలో చేర్చింది. అంటే అక్కడా చేసేవాళ్లు తగ్గిపోతున్నారనే.

ఉన్ని ఎక్కడిదంటారా? వరికోతలయ్యాక ఎరువు కోసం మన పొలాల్లో మంద పెట్టించేది కురుమలతోనే కదా. నల్ల దక్కనీ గొర్రె ఉన్నితో గొంగడి నేసి, చింతగింజల గంజి పట్టించి, వాననూ చలినీ ఆపినవాళ్లు వాళ్లు. ఇప్పుడు గొంగడికి గిరాకీ లేదు. 2017లో సర్కారు 75 శాతం సబ్సిడీతో ఇంటికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. అలా వచ్చినవాటిలో నెల్లూరు రకం చాలా ఉంది. ఆ గొర్రెకు మాంసమే గానీ ఉన్ని ఉండదు. దక్కనీ ఉన్ని గరుకు, గుచ్చుకుంటుంది అంటారేమో. గొంగడిలో తింటూ వెంట్రుకలు ఏరడం మానండి. కూర్చోవడానికి వేసుకునే దానికి ఆ గరుకే బలం. శుభ్రంగా కడగకపోతే మాత్రం వాసన వస్తుంది, అది నిజమే.

అసలు మాట ఏకడం దగ్గర ఉంది. దూదికైనా, ఉన్నికైనా ఏకేది విల్లే. ఆ విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి మన రజాయిలకు దూది ఏకినవాళ్లు దూదేకుల భాయీలు. ఆ బిరాదరీ పేరు తెలుగులో తిట్టయి కూర్చుంది. తెలుగువాళ్లను అని ఏం లాభం? నమాజ్‌లో వాళ్లతో ఒకే సఫ్‌లో నిలబడే మనమే, రిష్తా మాటొచ్చేసరికి వెనక్కి జరుగుతాం. మొహల్లాలో విల్లు పట్టడం తెలిసిన చాచా ఒక్కరున్నా, ఈ పనికి ఆయనే ఉస్తాద్. పెద్ద కుర్చీ వేసి పిలవండి. చేతిలో మజ్దూరీ పెట్టండి, ఖాళీ షుక్రియా కాదు.

మజ్దూరీ అంటే ఇంకో మాట. మన ఇళ్లల్లో "అందరం కలిసి చేద్దాం" అంటే ఆడవాళ్లు చేస్తారు, మగవాళ్లు చాయ్ తాగుతారు. ఉన్ని కడగడం, ఆరబెట్టడం, పరచడం ఖాలాజాన్ మీద వేసి, నిఖా రోజున తోహ్ఫా పట్టుకుని ఫోటోకు నిలబడేది ఖాలూజాన్ అయితే, దానికన్నా పులి బొమ్మ కంబళే నయం. దొర్లించే పని మొహల్లా నౌజవాన్లకు ఇవ్వండి. వాళ్ల జిమ్ కండలు ఆ రోజు పనికొస్తాయి. ఐదిళ్లు ఐదు కంబళ్లకు పెట్టే డబ్బు ఒక్కచోట చేరిస్తే ఉన్ని ధరకూ, ఉస్తాద్ హక్కుకూ దారి దొరుకుతుంది.

షాదీల సీజన్ దాకా ఆగకండి. మీ పొలంలో మంద పెట్టే కురుమ కాకను ఇప్పుడే కలిసి, ఈసారి కత్తిరించిన ఉన్నిని పారెయ్యొద్దని, మేం కొంటామని చెప్పి రండి.