దుకాణం కట్టేశాక...

ఏ ఊళ్లోనైనా ఎవరికైనా దారి చెప్పాలంటే మనం చెప్పేది కొట్ల పేర్లే. 'ఫలానా బట్టల షాపు దగ్గర ఎడమకు తిరిగి, స్వీటు షాపు దాటాక రెండో సందు' అంటాం. ఆ బట్టల షాపు మూతపడి పదేళ్లయినా సరే, ఆటోవాళ్లకు ఆ స్టాపు పేరు అదే! అంతగా నోళ్లలో నానే పేరు కదా అని, ఆ షాపు ఎవరు పెట్టారు, ఏ సంవత్సరంలో పెట్టారు, ఎందుకు మూసేశారు అని అడిగి చూడండి. నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. అయిదో ఆయన 'నాకు బాగా తెలుసు' అంటూ అయిదో కథ మొదలెడతాడు.

ఇలాంటి ప్రశ్నలకు సరైన జవాబు వెతకడమే వ్యాపకంగా పెట్టుకున్నవాళ్లు ప్రపంచంలో కొంతమంది ఉన్నారు. జీతం లేదు, భత్యం లేదు, చాలామందికి ఒకరి మొహం ఒకరికి తెలియదు కూడా. వాళ్లు పనిచేసేది వికీపీడియాలో. 2001 జనవరి 15న మొదలైన ఈ ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వాన్ని ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అన్న సంగతి మీకు తెలిసిందే. అయితే ఎవరికి తోచింది వాళ్లు రాసుకుంటూ పోతే అది సంతలా తయారవుతుంది. అందుకని ఒకే విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఒకచోట చేరి పని పంచుకుంటారు. దాన్ని వికీప్రాజెక్టు అంటారు. రైళ్లకొకటి, పక్షులకొకటి, క్రికెట్‌కొకటి. ఇంగ్లీషు వికీపీడియాలో దుకాణాలకూ ఒకటుంది. పెద్ద పెద్ద షాపింగ్ మాల్స్‌కైతే వేరే జట్టు!

వాళ్లు చేసే పనేమిటంటే, ముందు ఒక్కో దుకాణం మీద ఉన్న వ్యాసాన్ని చదివి మార్కులు వేస్తారు. నాలుగు వాక్యాలే ఉంటే 'మొలక'. పూర్తి వివరాలు, ప్రతి మాటకూ ఆధారం ఉంటే పైమెట్టు. ఏ వ్యాసం ఎంత ముఖ్యమో కూడా విడిగా గుర్తు పెడతారు. ప్రతి వ్యాసం వెనకాలా ఒక చర్చా పేజీ ఉంటుంది. అసలు నాటకమంతా అక్కడే! ఈ తేదీ ఎక్కడిది, ఈ మాట ఎవరన్నారు, ఈ వాక్యం ప్రకటనలా లేదూ... ఇలా సాగుతుంది. ఒకే కొట్టు గురించి ఇద్దరు పెద్దమనుషులు రోజుల తరబడి వాదించుకుంటారు, అదీ ఇద్దరికీ అందులో దమ్మిడీ వాటా లేకుండా.

కొట్టు మీద వ్యాసం రాయడం అంత బ్రహ్మవిద్యా అంటారా? వూల్‌వర్త్ పేరే తీసుకోండి. మన ఊళ్లలో తోపుడు బండి మీద 'ఏది తీసుకున్నా పది రూపాయలే' అని అరుస్తుంటారే, ఆ లెక్కన అమెరికాలో 'ఏది తీసుకున్నా 5 సెంట్లే' అని కొట్టు తెరిచిన మనిషి ఫ్రాంక్ వూల్‌వర్త్. 1879లో న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికాలో పెట్టిన మొదటి కొట్టు నిలబడలేదు. అదే ఏడాది పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో పెట్టింది కాసులు కురిపించింది. 1913లో న్యూయార్క్‌లో ఆయన కట్టించిన 792 అడుగుల భవనం 1930 దాకా ప్రపంచంలోకెల్లా ఎత్తయినది. అంతా అయిదు, పది సెంట్ల బేరాల మీద వచ్చిన డబ్బే. ఆ కంపెనీ 1909లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లోనూ కొట్టు తెరిచింది. ఇంతవరకూ బాగానే ఉంది.

1924లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కొందరు వ్యాపారులు వూల్‌వర్త్స్ అన్న పేరుతోనే దుకాణం తెరిచారు. అమెరికా కంపెనీ ఆ పేరును అక్కడ రిజిస్టరు చేయించుకోలేదు మరి! 1931లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఇంకొకాయన అదే పేరు పెట్టుకున్నాడు. ఈ రెండింటికీ అమెరికా వూల్‌వర్త్‌తో చుట్టరికం లేదు, వీటికి ఒకదానితో ఒకటీ లేదు. అమెరికాలో ఆ పేరుతో ఉన్న చవక కొట్లు 1997లో మూతపడ్డాయి. బ్రిటన్‌లోవి 2009 జనవరి నాటికి పోయాయి. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా కంపెనీలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో కాపురముంటున్న మన పిల్లలు పాలు, కూరలు కొనుక్కునేది ఆ వూల్‌వర్త్స్‌లోనే. వాళ్లను చూడ్డానికి వెళ్లిన తల్లిదండ్రులు అది అమెరికా కంపెనీ అనుకుంటే తప్పేముంది?

మన దగ్గరా ఇలాంటి తికమక ఉంది. హైదరాబాద్ వాళ్లకు తెలిసిన స్పెన్సర్స్ వేరు, మార్క్స్ అండ్ స్పెన్సర్ వేరు. మొదటిదాని మూలాలు 1860ల నాటి మద్రాసులో ఉన్నాయి. రెండోది ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో 1884లో మైకేల్ మార్క్స్ అనే ఆయన పెన్నీకొకటి చొప్పున వస్తువులు అమ్మిన అంగడి. పదేళ్లకు థామస్ స్పెన్సర్ అనే భాగస్వామి కలిశాడు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అన్నదమ్ములైపోరు కదా! ఇలాంటి పేర్ల చిక్కు విప్పే పేజీలకు తెలుగు వికీపీడియావాళ్లు చక్కని పేరు పెట్టారు... 'అయోమయ నివృత్తి'.

సరే, పేర్ల గొడవ తీరింది. కొట్టు కథ అంత ఓపిగ్గా రాయాల్సిన అవసరమేముంది అని అడగొచ్చు. అదే వూల్‌వర్త్ కథలో 1960 ఫిబ్రవరి 1వ తేదీ ఉంది. అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రం, గ్రీన్స్‌బరో పట్నం. నలుగురు నల్లజాతి కాలేజీ కుర్రాళ్లు వూల్‌వర్త్ కొట్లోకి వెళ్లి చిన్న చిన్న వస్తువులు కొన్నారు. డబ్బులు తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. అక్కడే ఫలహారాల కౌంటర్ ఉంది. ఆ కుర్చీల్లో కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. ఆ కుర్చీలు తెల్లవాళ్లకే! సరుకు కొనడానికి పనికొచ్చిన డబ్బు కూర్చుని కాఫీ తాగడానికి పనికిరాలేదన్నమాట. కుర్రాళ్లు గొడవ చేయలేదు, కొట్టు మూసేదాకా అలాగే కూర్చున్నారు. మర్నాడు ఇంకొంతమంది వచ్చారు. ఆ మర్నాడు ఇంకా ఎక్కువమంది. ఆ కూర్చోవడం దక్షిణాది రాష్ట్రాల్లో ఊరూరికీ పాకింది. జులై 25న ఆ కౌంటర్‌లో నల్లవాళ్లకు మొదటిసారి వడ్డించారు. ఇప్పుడా భవనం పౌరహక్కుల మ్యూజియం. ఆ కౌంటర్‌లో కొంత భాగం వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మన ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచిన హోటళ్లు ఎరిగినవాళ్లకు ఈ కథ కొత్తగా ఏమీ అనిపించదు.

ఇప్పుడు చెప్పండి, వూల్‌వర్త్ మీద వ్యాసంలో ఎన్ని కొట్లు, ఎంత టర్నోవరు అనేది రాసి ఈ సంగతి వదిలేస్తే? కంపెనీలు తామే రాసుకునే చరిత్రల్లో వదిలేయడానికి వీలున్న విషయం ఇదే. బయటివాళ్లు, వాటా లేనివాళ్లు రాయడం వల్ల లాభం అక్కడుంది.

వీళ్ల నియమాల్లో నాకు మొదట్లో మింగుడుపడనిది ఒకటుంది. జ్ఞాపకం చెల్లదు! పుస్తకంలోనో పత్రికలోనో అచ్చయి ఉండాలి, అదీ కంపెనీతో సంబంధం లేనివాళ్లు రాసిందై ఉండాలి. బ్రిటన్‌లో వూల్‌వర్త్స్ కూలిపోయినప్పుడు 807 కొట్లున్నాయి. 27 వేల ఉద్యోగాలు పోయాయి. 2008 డిసెంబరు 27 నుంచి 2009 జనవరి 6 దాకా, విడతలు విడతలుగా షట్టర్లు దించేశారు. ఆ 27 వేలమందిలో ఎవరైనా వచ్చి 'మా కొట్టు ఇలా ఉండేది, చివరిరోజు ఇలా జరిగింది' అని రాస్తే తీసేస్తారు. కౌంటర్‌లో జీవితం గడిపిన మనిషి మాట చెల్లదట, ఒక పూట వచ్చి చూసిపోయిన విలేకరి రాసింది చెల్లుతుందట. అన్యాయంగా లేదూ?

లేదనే ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ మనిషి చెప్పింది నిజమే కావచ్చు, కానీ చదివేవాడు దాన్ని సరిచూసుకునే దారేది? పైగా జ్ఞాపకాన్ని ఒప్పుకుంటే యజమాని బావమరిది జ్ఞాపకాన్నీ ఒప్పుకోవాలి. ఆ బెడద ఊహించుకున్నది కాదు. 2013లో డబ్బు తీసుకుని కంపెనీల కోసం వ్యాసాలు రాసిపెడుతున్న ఒక సంస్థ బాగోతం బయటపడి 250కి పైగా ఖాతాలను మూసేశారు. డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఆ సంగతి బయటికి చెప్పి తీరాలని 2014లో నిబంధన పెట్టారు. 2019లో నార్త్ ఫేస్ అనే బట్టల కంపెనీ ఇంకో ఎత్తు వేసింది. కొండలు, పర్యాటక ప్రాంతాల మీది వ్యాసాల్లో ఉన్న ఫొటోలు మార్చేసి, తమ కోట్లు, సంచులు కనిపించే ఫొటోలు పెట్టించింది. అది ఘనకార్యమని వీడియో కూడా తీశారు. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఆ ఫొటోలన్నీ పీకేశాక కంపెనీ క్షమాపణ చెప్పుకుంది.

దుకాణాల జట్టుకు అన్నిటికన్నా ఎక్కువ పని పడేది దుకాణం మూతపడ్డప్పుడు. ఇంగ్లీషులో వ్యాసం మొదటి వాక్యంలోనే 'ఉంది' అనేది 'ఉండేది' అవ్వాలి. ఎప్పుడు మార్చాలి? దివాలా పిటిషను వేసిన రోజా, మూసేస్తున్నామన్న రోజా, ఆఖరి షట్టరు దించిన రోజా? అమెరికాలో టాయ్స్ ఆర్ అస్ అని బొమ్మల దుకాణాలుండేవి. 1948లో చార్లెస్ లాజరస్ అనే ఆయన వాషింగ్టన్‌లో పసిపిల్లల సామాన్ల కొట్టుగా మొదలెట్టి అంత పెద్దది చేశాడు. 2005లో అప్పు చేసి ఆ కంపెనీని కొన్నారు. కొన్నవాళ్లు చేసిన ఆ అప్పు కంపెనీ నెత్తిన పడింది. 2017 సెప్టెంబరులో దివాలా. 2018 మార్చి 15న అమెరికా కొట్లన్నీ మూసేస్తామని ప్రకటించారు. వారానికి, మార్చి 22న లాజరస్ కన్నుమూశాడు, తొంభై నాలుగేళ్ల వయసులో. జూన్ నెలాఖరుకు ఆఖరి కొట్లు మూతపడ్డాయి. 'ఉండేది' అని దిద్దారు సరే, 2022లో మేసీస్ అనే మరో పెద్ద దుకాణం తన షాపుల లోపల అదే బోర్డుతో బొమ్మల విభాగాలు తెరిచింది. మళ్లీ దిద్దుడు!

దివాలా తీసిన కంపెనీ వెబ్‌సైటు కూడా దానితోపాటే పోతుంది. అందులోని ఆధారాలన్నీ గల్లంతు. అందుకే పాత వెబ్ పేజీల నకళ్లు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వీళ్లకు అటక మీది ట్రంకు పెట్టెలాంటిది. కొట్టు పోయినా గోడ మిగులుతుంది. బోర్డు పీకేసిన చోట, ఎండ తగలని అక్షరాల ఆకారం రంగు వెలవకుండా అలాగే కనిపిస్తుంటుంది చూశారా? అమెరికాలో దానికో పేరే ఉంది, లేబుల్ స్కార్ అని. బోర్డు మచ్చ అనుకోండి. ఆ మచ్చలను ఫొటోలు తీసి, ఎవరైనా వాడుకోవచ్చని ఇచ్చేవాళ్లున్నారు.

మన సంగతికొద్దాం. త్రినేత్ర సూపర్ మార్కెట్లు గుర్తున్నాయా? హైదరాబాద్‌లో ఎన్నో మధ్యతరగతి ఇళ్ల నెల సరుకులు అక్కణ్నుంచే వచ్చేవి. 2007 జనవరిలో ఆదిత్య బిర్లా గ్రూపు కొనేసింది, తర్వాత బోర్డులు 'మోర్'గా మారాయి. సుభిక్ష 1997లో మద్రాసులో పుట్టి, దేశమంతటా 1600 దాకా కొట్లు తెరిచి, 2009లో చేతులెత్తేసింది. ఇవి పెద్ద కంపెనీలు కాబట్టి బిజినెస్ పేజీల్లో కాస్త ఆధారం దొరుకుతుంది. కానీ మూడు తరాలుగా జిల్లా కేంద్రంలో నడిచి, కొడుకులు అమెరికా వెళ్లిపోయాక మూతపడిన బట్టల దుకాణానికి ఏం దొరుకుతుంది? సినిమా తార వచ్చి రిబ్బను కత్తిరించిన రోజున ఫొటోతో సహా వార్త వేస్తాం. అది చాలావరకూ కొట్టువాళ్లు పంపిన సమాచారమే, వికీపీడియా తూకంలో దానికి బరువు తక్కువ. మూతపడిన రోజున ఒక్క ముక్కా రాయం. ఈ విషయంలో మా పత్రికలవాళ్ల తప్పు లేకపోలేదు.

అలాగని ప్రతి కొట్టుకూ వ్యాసం పెట్టనివ్వరు లెండి. బ్రాంచీల అడ్రసులు, పనివేళలు, ఆషాఢం డిస్కౌంట్లు రాస్తే తీసేస్తారు. స్వతంత్రంగా ఎవరూ రాయని కొట్టు మీది వ్యాసాన్ని తొలగింపు చర్చకు పెడతారు. ఇంగ్లీషులో మామూలుగా వారం గడువు. ఆ లోపు ఎవరైనా పాత పత్రిక కత్తిరింపులతో వస్తే వ్యాసం బతుకుతుంది.

మీ ఇంటి అటక మీద పాత దినపత్రిక జిల్లా అనుబంధాలు, పట్నం మీద వచ్చిన పాత సంచికలు ఉంటే తూకానికి వేసేముందు ఒకసారి తిరగేయండి. దుకాణం గురించి విలేకరి రాసిన నాలుగు మాటలున్న కాగితం కనిపిస్తే పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు రాసిపెట్టుకోండి, అవి లేని కత్తిరింపు సగమే పనికొస్తుంది. మీరే తీసిన పాత బజారు ఫొటోలుంటే వికీమీడియా కామన్స్‌లో పెట్టొచ్చు, ఎవరో తీసినవి మాత్రం వద్దు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, ఇప్పటికి లక్ష వ్యాసాలు దాటాయి. అక్కడ వాడుకరులు కూడి మాట్లాడుకునే పేజీ పేరు 'రచ్చబండ'. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే అక్కడ అడగండి, చెబుతారు.