వేటు ముందు, వాదన తర్వాత

బస్తర్ అడవుల్లోని గొల్లపల్లి లాంటి ఊరి నుంచి యూనివర్సిటీ గడప తొక్కడానికి ఒక్కోసారి ఒక తరం పడుతుంది. 'నీ పేరు రోల్స్ నుంచి తొలగించాం' అని వెనక్కి పంపడానికి ఒక్క కాగితం చాలు. దాన్ని సవాలు చేయాలంటే చదివేది ఛత్తీస్‌గఢ్‌లో అయితే బిలాస్‌పూర్ హైకోర్టుకు, హైదరాబాద్‌లో అయితే తెలంగాణ హైకోర్టుకు వెళ్లాలి. రాజ్యాంగంలోని 226వ అధికరణం ఇచ్చిన దారి అది.

ఆ దారి ఎక్కడిదాకా? మార్కులు, ప్రతిభ తూకం వేయడం తమ పని కాదని కోర్టులు ఎప్పుడో తేల్చేశాయి. చదువులో వెనకబడ్డాడని ఒక విద్యార్థిని జేఎన్‌యూ తొలగించిన కేసులో, ముందుగా అతడి వాదన వినాల్సిన అవసరం లేదని 1980లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. క్రమశిక్షణ కింద పడే వేటు సంగతి వేరు. అక్కడ ఆరోపణ ఏమిటో చెప్పాలి, జవాబు వినాలి. అయితే అది కోర్టు విచారణలాగే సాగాలని లేదు. రాంచీ మెడికల్ కాలేజీ కేసులో ఫిర్యాదు చేసిన విద్యార్థినులను నిందితులు క్రాస్ ఎగ్జామినేషన్ చేయకపోయినా 1973లో సుప్రీంకోర్టు బహిష్కరణను సమర్థించింది.

అంటే కోర్టు చూసేది ప్రధానంగా నిర్ణయాన్ని కాదు, నిర్ణయం తీసుకున్న తీరును. అందుకే విద్యార్థి గెలిచినా చాలాసార్లు దక్కేది సీటు కాదు, మళ్లీ విచారణ. మధ్యంతర ఉత్తర్వుతో క్లాసులో కూర్చున్నా తుది తీర్పు కత్తిలా వేలాడుతూనే ఉంటుంది.

అసలు చిక్కు కాలంతోనే. ఉత్తరప్రదేశ్‌లో 1954లో ఇంటర్మీడియట్ పరీక్ష రాసిన ముగ్గురి ఫలితాలను వాళ్ల మాట వినకుండానే బోర్డు రద్దు చేసింది. అది తప్పని సుప్రీంకోర్టు తేల్చేసరికి 1962 వచ్చింది. తీర్పు అందరికీ మార్గదర్శకమైంది. ఆ ముగ్గురి వయసు మాత్రం వెనక్కి రాలేదు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అనుభవం ఇంకా చేదు. 2015లో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులపై వేటు పడింది. పేర్లు తొలగించలేదు కానీ హాస్టళ్ల నుంచి వెళ్లగొట్టారు. వాళ్లు హైకోర్టుకెక్కారు. అది తేలకముందే, 2016 జనవరి 17న వారిలో ఒకరైన రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత మిగతా నలుగురి సస్పెన్షన్‌ను యూనివర్సిటీయే ఎత్తేసింది. ఏ కోర్టు ఆదేశమూ లేకుండా అప్పుడు చేయగలిగిన పని ముందే ఎందుకు చేయలేకపోయిందన్న ప్రశ్న మిగిలిపోయింది.

న్యాయసమీక్ష అవసరమే, కానీ అది చివరి మెట్టు. మొదటి మెట్టు రిజిస్ట్రార్ బల్ల దగ్గరే ఉంది. కారణాలు రాసిచ్చే ఉత్తర్వు, జవాబుకు తగినంత గడువు, అప్పీలు తేలేదాకా హాస్టల్ గది: వీటికి ఖర్చు దాదాపు లేదు. ఊళ్లో పొలం తాకట్టు పెట్టి వకీలు ఫీజు కట్టే తండ్రికి మాత్రం వాటి విలువ తెలుసు.