పడిగాపుల గడియారం

స్కూటరుకు, టెలిఫోనుకు పేరు నమోదు చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజులు ఈ దేశ ప్రజలకు ఇంకా గుర్తున్నాయి. చేతి గడియారం సంగతీ అంతే. 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో బెంగుళూరులో హెచ్.ఎం.టి. వాచీల తయారీ ఆరంభమైన తర్వాత కూడా అలకపాన్పు ఎక్కిన అల్లుడికి వాచీ తేవాలంటే మామగారు తెలిసినవారి సిఫార్సు కోసం తిరగవలసి వచ్చేది. విదేశీ వాచీలు దొంగరవాణా సరుకుగా చాటుమాటుగా చేతులు మారేవి. ఈ కొరతకంతటికీ లైసెన్సుల రాజ్యమే మూలమని అప్పట్లో అందరూ నిందించారు. ఆ రాజ్యం అంతరించి మూడు దశాబ్దాలు దాటింది. హెచ్.ఎం.టి. వాచీల సంస్థ మూసివేతకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదముద్ర వేసింది. అయినా క్యూ మాత్రం మాయం కాలేదు. ఈసారి అందులో నిలబడినవారు లక్షలు చేతబట్టుకుని వచ్చిన సంపన్నులు.

రోలెక్స్, పటెక్ ఫిలిప్ వంటి స్విస్ సంస్థల పేరుమోసిన నమూనాలను డబ్బుండి కూడా కొనలేని పరిస్థితి నెలకొంది. అద్దాల బీరువాలో వాచీ మెరుస్తూ కనిపిస్తుంది. అది ప్రదర్శనకు మాత్రమేనని దుకాణదారు సవినయంగా సెలవిస్తాడు. పేరు రాసుకుంటాడు గాని ఎప్పుడిస్తాడో చెప్పడు. ఆ జాబితాలో ముందున్నవారెవరో, వెనకున్నవారెవరో తెలుసుకునే మార్గం లేదు. పాత స్కూటరు బుకింగుకు కనీసం ఒక వరుస సంఖ్య ఉండేది!

చేతిపనితో రూపొందే వస్తువును రాశులుగా పోసి అమ్మలేమన్నది ఉత్పత్తిదారుల వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. పటెక్ ఫిలిప్ ఏటా తయారుచేసేవి 70 వేల ప్రాంతంలోనే ఉంటాయి. నిపుణుడైన పనివాడు తయారు కావడానికి ఏళ్ళు పడుతుంది. అయితే కొరత ఈ వ్యాపారానికి అడ్డంకి కాదు, పెట్టుబడి. రోలెక్స్ యాజమాన్యం దాని వ్యవస్థాపకుడు హాన్స్ విల్స్‌డార్ఫ్ పేరిట ఉన్న ఫౌండేషన్‌ది. పటెక్ 1932 నుంచి స్టెర్న్ కుటుంబం చేతిలో ఉంది. అమ్మకాలు పెంచమని సతాయించే స్టాక్ మార్కెట్ వాటాదారులు వీరికి లేరు. 2021లో పటెక్ తన నాటిలస్ ఉక్కు వాచీ తయారీని నిలిపివేస్తూ, నీలిరంగు ముఖంతో చివరగా 170 వాచీలను టిఫనీ దుకాణాల ద్వారా విడుదల చేసింది. ధర 52,635 డాలర్లు. ఆ డిసెంబరులో న్యూయార్క్ వేలంలో వాటిలో ఒకటి దాదాపు 65 లక్షల డాలర్లు పలికింది. అది ధర్మకార్యం నిమిత్తం జరిగిన విక్రయమే అయినా, అసలు ధరకు నూరు రెట్లు దాటిన ఆ అంకె చూసి వాచీని వేళ తెలుసుకునే సాధనంగా ఎవరు భావిస్తారు? సినిమా టిక్కెట్ల బ్లాకు వ్యాపారానికీ దీనికీ తేడా ధరించిన సూటులోనే ఉంది.

కోటీశ్వరుల ఈ కష్టానికి కన్నీరు కార్చవలసిన అగత్యం ఎవరికీ లేదు. కానీ ఇందులో ప్రజల సొమ్ము ప్రమేయం ఉన్నది గనుక ఉపేక్షించరాదు. స్విట్జర్లాండ్ సభ్యదేశంగా ఉన్న ఎఫ్టా కూటమితో భారత్ 2024 మార్చి 10న కుదుర్చుకున్న ఒప్పందం 2025 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం స్విస్ వాచీలపై 20 శాతంగా ఉన్న మూల దిగుమతి సుంకం ఏడేళ్ళలో క్రమంగా తొలగిపోతుంది. బదులుగా పదిహేనేళ్ళలో పదివేల కోట్ల డాలర్ల పెట్టుబడులు వస్తాయన్నది హామీ. సరుకు విరివిగా దొరికేచోట సుంకం తగ్గితే ధర తగ్గవచ్చు. అమ్మేవాడి దయపై బేరం నడిచేచోట ఖజానా వదులుకున్నది కొనుగోలుదారుకు చేరుతుందన్న భరోసా ఏదీ?

కోరిన వాచీ దక్కాలంటే ముందుగా గిరాకీ లేని మరో వాచీనో, నగనో కొనాలన్న షరతు ప్రపంచమంతటా వినవస్తున్న ఫిర్యాదు. ఎవరూ దీన్ని కాగితంపై పెట్టరు. ఒక వస్తువు కొనాలంటే మరొకటి కొని తీరాలనడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దృష్టిలో నిర్బంధ వాణిజ్య పద్ధతి. చట్టం వస్తువు ఖరీదును బట్టి మినహాయింపేమీ ఇవ్వలేదు. 10 లక్షల రూపాయలు మించిన వాచీ విక్రయంపై ఒక శాతం పన్నును దుకాణదారే వసూలు చేసి జమకట్టే నిబంధన 2025 ఏప్రిల్ 22న వచ్చింది. అంటే ఖరీదైన వాచీ ఎవరికి దక్కిందో ఆదాయపు పన్ను శాఖకు తెలుస్తుంది. ఎవరు ఎంతకాలం వేచి ఉన్నారో, మధ్యలో ఏమేమి కొనవలసి వచ్చిందో తెలుసుకునే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. సుంకం పూర్తిగా రద్దయ్యేలోగా ఆ సంస్థ అధీకృత డీలర్ల నిరీక్షణ జాబితాలను తెప్పించి చూడటం, తగ్గిన సుంకం అమ్మకపు ధరలో ఎంత ప్రతిఫలించిందో వాణిజ్య శాఖ ఏటా పార్లమెంటు ముందుంచడం అవసరం.